"మెలకువగా నుండుడి": మరి పదిమందీ కునికారు కదా?

ప్రశ్న: మత్తయి సువార్త 25వ అధ్యాయంలో పదిమంది కన్యకల ఉపమానం (పెండ్లికుమారుణ్ణి ఎదుర్కొనడానికి దివిటీలతో వెళ్ళిన అయిదుగురు బుద్ధిగలవాళ్ళు, అయిదుగురు బుద్ధిలేనివాళ్ళ కథ) చివర "ఆ దినమైనను గడియయైనను మీకు తెలియదు గనుక మెలకువగా ఉండుడి" అని ఉంది. అయిదో వచనం చూస్తే "పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా వారందరు కునికి నిద్రించుచుండిరి" అంటుంది. అందరు అంటే బుద్ధిగలవాళ్ళు కూడా. అలా నిద్రపోయినవాళ్ళలోనే అయిదుగురు పెళ్ళివిందుకు వెళ్ళారు. మరి ఇక్కడ మెలకువ అంటే ఏమిటి? అనువాదంలో ఏమైనా జారిపోయిందా? ఇంకొక చిన్న సందేహం కూడా ఉంది. కొన్నిచోట్ల "మెలకువగా నుండుడి" అని అచ్చయి ఉంటుంది. ఈ 'నుండుడి' ఎక్కడిది?

జవాబు: ముందు చిన్న సందేహం తీర్చేద్దాం. 'నుండి'కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పాత వ్యాకరణం ప్రకారం 'గా' చివర ఒక నకారం దాగి ఉంటుంది, దాన్నే ద్రుతం అంటారు. తరువాత అచ్చు వస్తే అది పైకి తేలుతుంది. మెలకువగాన్ + ఉండుడి = మెలకువగానుండుడి. అచ్చులో మధ్యన ఖాళీ వదలడంతో ఆ 'న' పక్క మాటకు అతుక్కుని కొత్త క్రియలా కనబడుతోంది. 'ఉండుడి' అంటే నేటి 'ఉండండి', అంతే.

ఇక అసలు ప్రశ్న. ఉపమానాన్ని మళ్ళీ చదవండి. ఎవరు లోపలికి వెళ్ళారని ఉంది? "సిద్ధపడియున్నవారు అతనితో కూడ పెండ్లి విందుకు లోపలికి పోయిరి." మెలకువగా ఉన్నవారు అని లేదు. నిద్ర పోయినందుకు ఎవరినీ ఎవరూ ఒక్క మాట అనలేదు. తేడా అంతా నూనెలో ఉంది. బుద్ధిగలవాళ్ళు దివిటీలతోపాటు సిద్దెలలో నూనె పట్టుకెళ్ళారు, తక్కినవాళ్ళు పట్టుకెళ్ళలేదు.

మన అనువాదకులు ఇక్కడ 'దీపము' అనకుండా 'దివిటీ' అన్నారు. ఈ తేడా ముఖ్యం. గ్రీకు మూలంలో ఉన్న మాట లంపాస్, అంటే కాగడా. లూకా 12:35లో "మీ దీపములు వెలుగుచుండనియ్యుడి" అన్నచోట మూలంలో లుఖ్నోస్ అనే వేరే మాట ఉంది, అందుకే అక్కడ దీపం అన్నారు. దీపంలో నూనె పోసి ఒక మూల పెడితే చాలాసేపు వెలుగుతుంది. దివిటీ అలా కాదు. కర్రకు చుట్టిన గుడ్డ మీద నూనె పోస్తూ ఉండాలి, పోయకపోతే కాసేపట్లో కొడిగడుతుంది. దివిటీ పట్టుకుని నూనె పాత్ర మరిచిపోయినవాళ్ళు పెళ్ళికొడుకు ఇట్టే వచ్చేస్తాడని అనుకున్నారన్న మాట. "మా దివిటీలు ఆరిపోవుచున్నవి" అని వాళ్ళు అర్ధరాత్రి లేచాక అంటారు. ఆరిపోయాయి అనలేదు, ఆరిపోతున్నాయి అన్నారు. ఆ చివరి క్షణంలో నూనె కొనడానికి పరుగెత్తారు.

దీనికి ముందున్న ఉపమానాన్ని కూడా పక్కన పెట్టుకుని చూడండి. మత్తయి 24వ అధ్యాయం చివర ఒక దాసుడు ఉన్నాడు. ఇంటివారికి "తగినవేళ అన్నముపెట్టుటకు" యజమాని అతన్ని నియమించి వెళ్ళాడు. ఆ దాసుడు చెడ్డవాడైతే "నా యజమానుడు ఆలస్యము చేయుచున్నాడని" మనసులో అనుకుని తోటి దాసులను కొట్టడం, తాగుబోతులతో కలిసి తాగడం మొదలుపెడతాడు. యజమాని అతడు అనుకోని రోజున దిగుతాడు. 24:48లోనూ 25:5లోనూ 'ఆలస్యము చేయు' అన్న అదే క్రియ ఉంది, మూలంలో కూడా ఒకే క్రియ. ఆ దాసుడు ఆలస్యమవుతుందని లెక్క వేసుకుని చెడ్డాడు. బుద్ధిలేని కన్యకలు ఆలస్యం కాదని లెక్క వేసుకుని చెడ్డారు. రెండు కథలనూ పక్కపక్కన పెట్టినవాడు పాఠకుడికి లెక్క వేసే దారి ఏదీ మిగల్చలేదు. తేదీలు గుణించేవాళ్ళు ఈ రెండు అధ్యాయాల నుంచే వచనాలు ఏరుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు క్రీస్తు తిరిగి వచ్చేది 1844 అక్టోబరు 22 అని తేదీ ఖాయం చేసుకుని ఎదురుచూశారు. ఆ రోజు గడిచిపోయింది. "ఏ దినమున మీ ప్రభువు వచ్చునో మీకు తెలియదు గనుక" అన్న వాక్యంలో 'గనుక' ఎందుకుందో గమనిస్తే ఆ శ్రమ తప్పేది. తెలియకపోవడమే మెలకువకు కారణమని వాక్యం చెబుతోంది. తెలిస్తే మెలకువ ఎందుకు? ఆ రోజుకు అలారం పెట్టుకుంటే సరిపోతుంది.

అనువాదంలో జారిపోయినది ఒకటుంది. కొత్త నిబంధనలో 'నిద్ర లేకుండా ఉండు' అని నేరుగా చెప్పే అగ్రుప్నెయో అనే క్రియ వేరే ఉంది. మార్కు 13:33లో, లూకా 21:36లో అది వస్తుంది. మీరడిగిన వచనంలో ఉన్నది గ్రేగొరెయో. లేచి ఉండటం, మేల్కొన్న స్థితిలో ఉండటం దాని అర్థం. తెలుగులో రెండింటికీ 'మెలకువ' అనే పెట్టారు. ఇదేమీ పెద్ద నష్టం కాదు, ఆ రెండు క్రియలు ఒకదాని స్థానంలో ఒకటి వాడదగ్గవే. కానీ మీ సందేహానికి మూలం మాత్రం కొంతవరకు అక్కడే ఉంది.

ఒక సభ్యురాలు: మాస్టారూ, మీరు నిద్రను మరీ తేలిగ్గా వదిలేస్తున్నారు. "ఇతరులవలె నిద్రపోక మెలకువగా ఉండి మత్తులముకాక యుందము" అని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక ఊరి సంఘానికి రాశాడు కదా. యేసు పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోయినందుకు చీవాట్లు కూడా తిన్నారు.

జవాబు: మంచి అభ్యంతరమే అమ్మా. గెత్సేమనేలో మాట అక్షరాలా నిద్ర గురించే, కాదనను. "ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?" అన్నది కళ్ళు మూసుకుపోతున్న మనుషులతో అన్న మాట. ఆ రాత్రి కూర్చుని ప్రార్థన చేయడమే వాళ్ళకు అప్పగించిన పని. ఆ పని వదిలి నిద్రపోయారు.

థెస్సలొనీకయుల విషయానికి వస్తే, మీరు చూపించింది 5వ అధ్యాయం 6వ వచనం. నాలుగు వచనాలు దాటి 10వ వచనం చదవండి: "మనము మేల్కొనియున్నను నిద్రపోవుచున్నను తనతోకూడ జీవించునిమిత్తము ఆయన మనకొరకు మృతిపొందెను." గ్రీకులో ఆరింటా పదింటా అవే రెండు క్రియలు. ఆరులో నిద్ర అంటే ఒళ్ళు మరిచిన బతుకు. పదిలో నిద్ర అంటే చనిపోయి ఉండటమనే ఎక్కువమంది వ్యాఖ్యాతలు చెబుతారు. నాలుగు వచనాల్లో ఒకే మాటను రెండు రకాలుగా తిప్పాడు. కాబట్టి నిద్ర కనబడ్డ ప్రతిచోటా తప్పు పట్టుకోనక్కరలేదు. త్రోయ అనే ఊళ్ళో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రవాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు కిందికి దిగి వెళ్ళి వాణ్ణి కౌగిలించుకున్నాడు తప్ప మెలకువ మీద మరో ప్రసంగం చేయలేదు.

నిజానికి ఆ థెస్సలొనీక సంఘంలో బాధ నిద్రతో వచ్చింది కాదు. ప్రభువు దినం వచ్చేసిందన్న కంగారు ఒకవైపు, "ఏ పనియు చేయక పరులజోలికి పోవుచు" తిరిగేవాళ్ళు మరొకవైపు. రెండో పత్రికలో పౌలు ఇద్దరికీ గట్టిగానే చెప్పాడు. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదన్న ప్రసిద్ధమైన మాట అక్కడిదే. ఎదురుచూపు పేరుతో పని మానేసినవాళ్ళను ఆయన మెలకువగా ఉన్నవాళ్ళ లెక్కలో వేయలేదు.

మరొక సభ్యుడు: మార్కు 13:34 ఎవరూ ఎత్తలేదేమిటి? యజమాని దేశాంతరం పోతూ "ప్రతివానికి వాని వాని పని నియమించి" వెళ్ళాడు. మెలకువగా ఉండమని ఆజ్ఞాపించింది ద్వారపాలకుడికి ఒక్కడికే.

జవాబు: అవును, చక్కగా పట్టుకున్నారు. మూడు వచనాల తరువాత అదే ఆజ్ఞ అందరికీ చేరుతుంది: "నేను మీతో చెప్పుచున్నది అందరితోను చెప్పుచున్నాను." వంటవాడు వంట చేస్తూనే, పశువులు కాసేవాడు కాస్తూనే ద్వారపాలకులు కావాలన్న మాట. ఎవరి పనీ రద్దు కాలేదు.

ఆ పక్కనే 35వ వచనంలో నాలుగు వేళలు వరసగా ఉన్నాయి చూడండి: ప్రొద్దు గ్రుంకినప్పుడు, అర్ధరాత్రి, కోడి కూసేటప్పుడు, తెల్లవారేటప్పుడు. రోమన్లు రాత్రిని ఇలా నాలుగు కాపలాలుగా పంచుకునేవారు. పాత యూదుల లెక్కలో మూడే. తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు, మనకూ రాత్రికి నాలుగు జాములే. "రాత్రి నాలుగవ జామున ఆయన సముద్రముమీద నడుచుచు" వచ్చాడన్న వాక్యం అందుకే మన చెవికి పరాయిగా వినబడదు. దొంగ ఏ జామున వస్తాడో తెలిస్తే ఇంటి యజమాని మెలకువగా ఉంటాడన్న మత్తయి 24:43 వాక్యమూ అంతే. "తన యింటికి కన్నము వేయనియ్యడు" అన్నారు. మూలంలో ఉన్న క్రియకు అర్థం తవ్వి లోపలికి దూరడం. మట్టిగోడల ఇళ్ళలో దొంగలు చేసేది అదే. కన్నం వేయడం అనే నుడికారం మనకు ముందే సిద్ధంగా ఉంది.

ఇంకొకటి. ఆ నాలుగు వేళలనూ గుర్తుపెట్టుకుని మార్కు 14వ అధ్యాయంలోకి వెళ్ళండి. సాయంకాలం యేసు పన్నెండుమందితో కలిసి భోజనానికి వస్తాడు, రాత్రి గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతారు, కోడి కూసేసరికి పేతురు ఆయన్ని ఎరుగనని బొంకి ఉంటాడు, ఉదయం కాగానే (15:1) ఆయన్ని రోమా అధిపతి పిలాతు దగ్గరికి తీసుకెళతారు. ఏ వేళలో యజమాని వచ్చినా మెలకువగా ఉండండని చెప్పిన మరుసటి అధ్యాయంలోనే అవే వేళల్లో శిష్యులు ఒక్కొక్కరుగా తప్పిపోతారు. మార్కు కావాలనే ఇలా అమర్చాడని నా నమ్మకం. ఒప్పుకోనివాళ్ళతో వాదించను.

ఆ సభ్యుడే: జాముల మాట వచ్చింది కాబట్టి 'రాకడ' గురించి కూడా ఒక మాట. "నీ రాకడకును ఈ యుగసమాప్తికిని" అని శిష్యులు అడిగినచోట గ్రీకులో పరూసియా ఉంది. 'ఆగమనం' అనవచ్చు, 'రాక' అనవచ్చు. అనువాదకులు రాకడ అన్నారు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదు" అన్న సామెత తెలిసినవాడికి ఆ మాటలోనే 'తెలియదు' వినబడుతుంది. పరూసియాలో ఆ ధ్వని లేదు. రాజో అధికారో ఊరికి వేంచేయడం అన్న వాడుక దానిది. ఇక్కడ తెలుగు కొంత పోగొట్టుకుని కొంత సంపాదించుకుందని నాకనిపిస్తుంది.

జవాబు: సామెత భలే పట్టారు. వేంచేపు పోయిందన్నది మాత్రం నిజం. రాకడ అనగానే ఇప్పుడు చాలామందికి భయమే గుర్తొస్తుంది, ఊరేగింపు గుర్తుకు రాదు. లూకా 12:37 అయితే పూర్తిగా తలకిందులు. యజమాని వచ్చి, మెలకువగా ఉన్న దాసులను భోజనపంక్తిలో కూర్చోబెట్టి, తానే నడుము కట్టుకుని వడ్డిస్తాడు. ఏ ఇంట్లోనూ జరగని పని అది. మెలకువ మీద ప్రసంగాల్లో దొంగ వచనం విన్నన్నిసార్లు ఈ వచనం వినలేదు, ఎందుకో మరి.

కొత్త సభ్యుడు: ఇన్ని చిక్కులు ఎందుకండీ, అన్నిచోట్లా 'జాగ్రత్తగా ఉండండి' అని మార్చేస్తే సరిపోదా? ఈ కాలం వాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది.

జవాబు: వ్యుత్పత్తి అడిగితే మీకే మార్కులు. జాగ్రత్తకు మూలం సంస్కృతంలో మేలుకొనడమనే అర్థమున్న జాగృ ధాతువు. గ్రేగొరెయో పుట్టిన గ్రీకు ధాతువూ అదీ ఒకే తల్లి బిడ్డలు. గ్రెగరీ అన్న పేరు కూడా ఆ ఇంటిదే. కానీ తెలుగులో జాగ్రత్త మేలుకొనడం నుంచి ఎప్పుడో దూరం జరిగింది. డబ్బు జాగ్రత్త, మెట్లు జాగ్రత్త అంటాం. ఎవరూ రాకపోయినా జాగ్రత్తగా ఉండవచ్చు. మెలకువగా ఉన్నవాడికి మాత్రం రావలసినవాడు ఒకడు ఉన్నాడు.

అదే ధాతువును చక్కగా నిలబెట్టిన చోటు ప్రకటన గ్రంథం 3వ అధ్యాయం. ఆసియా మైనరులోని సార్దీస్ ఊరి సంఘానికి "జాగరూకుడవై, చావనైయున్న మిగిలినవాటిని బలపరచుము" అని రాశారు. ఆ ఊరి చరిత్ర తెలిస్తే ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. సార్దీస్ కోట నిటారైన కొండ మీద ఉండేది. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో బైబిలు కోరెషు అని పిలిచే పారశీక రాజు దాన్ని ముట్టడించాడు. కోటవాడొకడి శిరస్త్రాణం జారి కిందికి దొర్లితే, వాడు కొండ దిగి దాన్ని తీసుకుని మళ్ళీ ఎక్కిపోయాడని, అది చూసిన శత్రు సైనికుడు అదే దారిన ఎక్కాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఎవరూ ఎక్కలేరన్న ధీమాతో ఆ వైపు కాపలా పెట్టలేదు. మూడు శతాబ్దాల తరువాత సెలూకసు వంశపు రాజు మూడవ అంతియొకసు ముట్టడిలోనూ అదే కథ. గోడ మీద పక్షులు తీరిగ్గా వాలి ఉండటం చూసి, అక్కడ మనిషి కాపలా లేదని శత్రువులు పసిగట్టారని మరో గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ చెబుతాడు. "నీవు జాగరూకుడవై యుండనియెడల నేను దొంగవలె వచ్చెదను" అన్న వాక్యం ఏ సంఘానికి రాసినా వాక్యమే, సార్దీస్‌కు రాస్తే మాత్రం ఎత్తిపొడుపు. అక్కడ 'జాగ్రత్తగా ఉండు' అని మార్చి చదివి చూడండి, ఆ పొడుపు నిలుస్తుందేమో.