పండుగకు ఇంట్లో అందరం కలిసి చూడదగిన చిత్రం ఏది?

ప్రశ్న (నల్లగొండ): బతుకమ్మ పండుగకు మా అత్తమామలు దేవరకొండ నుంచి వస్తున్నారు. మామయ్యగారికి నరుకుడు సన్నివేశాలు గిట్టవు, పిల్లలకేమో నత్తనడక కథలంటే ఆవులింతలు వస్తాయి. మన ప్రాంతపు బతుకు కనిపించే చిత్రం ఏదైనా ఉంటే సూచించగలరు.

జవాబు (భువనగిరి): 2019లో వచ్చిన ‘మల్లేశం’ చూడండి. ఆలేరు వైపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీరకు ఆసు పోయడానికి (నేతకు ముందు నూలును వరుసగా చుట్టడానికి) చిలుకల (మేకుల) మధ్య వేలసార్లు చేయి తిప్పి భుజం నొప్పితో బాధపడే తల్లి కష్టం చూడలేక యంత్రాన్ని తయారుచేసిన కథ ఇది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు, ఆయనకు 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. పాత్రలో ప్రియదర్శి ఒదిగిపోయాడు. రెండో సగం కొంత సాగదీసినట్లున్నా, మోటారు తిరిగే సన్నివేశాల్లో మా పిల్లలు కదలలేదు.

జవాబు (మహబూబ్‌నగర్): ‘బలగం’ (2023) నా ఓటు. నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఏళ్ల తరబడి నడవడం మన ఇళ్లలో ఎరుగనిదేమీ కాదు. అయితే కథంతా చావు, పిట్టకు పెట్టడం (చనిపోయినవారి పేరున కాకికి ముద్ద పెట్టడం) చుట్టూ తిరుగుతుంది కనుక, పండుగ పూట పెద్దవాళ్లకు అది రుచిస్తుందో లేదో మీరే ఆలోచించుకోండి.

జవాబు (మిర్యాలగూడ): మామయ్యగారికి సాయుధ పోరాటపు రోజులపై ఆసక్తి ఉంటే, పిల్లలు పడుకున్నాక గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979) పెట్టండి. చిత్రీకరణ పాతదే, కానీ గద్దర్ పాట వచ్చేసరికి ఆయనే గొంతు కలుపుతారు.