‘వేట మాంసం’ అంటే మేకా, అడవి పిట్టా?

ఇంగ్లండులోని పల్లెటూరి పబ్బుల్లో చలికాలం వచ్చేసరికి నల్లబల్ల మీద రాసే ‘గేమ్’ వంటకాలను, అంటే వేటాడి తెచ్చిన పిట్టలు, జంతువుల మాంసంతో చేసేవాటిని, తెలుగులో ఏమనాలని మన బృందంలో సభ్యులొకరు అడిగిన ప్రశ్నకు ‘వేట మాంసం’, ‘వన్యమాంసం’, ‘అడవి మాంసం’ అని మూడు జవాబులు వచ్చాయి. మూడింటిలోనూ కొంత నిజం ఉన్నా, దేనిని ఉన్నదున్నట్టు వాడినా చదివేవారు వేరే కూరను ఊహించుకుంటారు కనుక నా అభిప్రాయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

కోస్తా జిల్లాల్లో వేట మాంసం అంటే మేక మాంసమో గొర్రె మాంసమో తప్ప మరొకటి కాదు. తెలంగాణలో వేపను యాప అన్నట్టే వేట యాట అయింది. ఫలానా వారింట్లో యాటను కోశారంటే విందు జరుగుతోందని అర్థమే గాని, ఎవరో తుపాకీ పట్టుకొని అడవికి పోయారని కాదు. జాతరలో అమ్మవారికి బలి ఇచ్చే వేటపోతు కూడా ఇంట్లో పెంచినదే. తిన్నడు శివుడికి తెచ్చి పెట్టినది అసలు అర్థంలో వేట మాంసం; నేడు అదే మాట వింటే మనకు మసాలా వేసిన మేక కూర గుర్తుకు వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, ఇటువంటి మార్పు ఇతర భాషల్లోనూ జరిగింది. ఇంగ్లీషులో జింక మాంసానికి వాడే ‘వెనిసన్’ అనే మాట, వేటాడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది; ఒకప్పుడు వేటలో దొరికిన ఏ జంతువు మాంసాన్నైనా వెనిసన్ అనేవారు. సంస్కృతంలో అడవి జంతువులన్నిటికీ చెల్లిన మృగ శబ్దం జింకకు ప్రత్యేకమైనట్టే, ఆ మాట కూడా జింక దగ్గర ఆగింది. మన వేట మేక దగ్గర ఆగింది.

ఇక ‘వన్యమాంసం’ వినడానికి హుందాగా ఉన్నా విషయానికి సరిపోదు. ఆ పబ్బుల్లో ఎక్కువగా కనిపించే ఫెజెంట్ పిట్టలను గుడ్ల నుంచి పొదిగించి, దొడ్లలో మేపి, వేసవిలో తోపుల్లోకి వదులుతారు. బ్రిటన్‌లో ఏటా ఇలా వదిలే పిట్టల సంఖ్య కోట్లలో ఉంటుంది. అవి కాపలాదారులు వేసే గింజలు తింటూ పెరుగుతాయి. హెదర్ పొదలు నిండిన మిట్ట భూముల్లో బతికే రెడ్ గ్రౌస్ మాత్రం ఎవరూ పెంచని నిజమైన అడవి పిట్ట. జింక సంగతి మళ్ళీ వేరు: అక్కడ జింకలను పశువుల్లా పెంచే క్షేత్రాలు కూడా ఉన్నాయి కనుకనే, అడవిలో కొట్టిన జింక అయితే ‘వైల్డ్ వెనిసన్’ అని ప్రత్యేకంగా రాస్తారు. కాబట్టి వీటన్నిటినీ ఒక్క పేరు కిందికి తెచ్చేది అడవి కాదు, వేట. అక్కడివారు తుపాకీతో కొట్టడాన్ని షూటింగ్ అని, కుక్కలతో తరమడాన్ని హంటింగ్ అని విడదీస్తారు గాని, మన వేట రెండింటికీ సరిపోతుంది, సముద్రంలో వల వేయడానికి కూడా సరిపోతుంది.

ఆ సముద్రపు వాడుకే మనకు మరొక చిక్కును విప్పుతుంది. ఆ బల్ల మీది ‘సీజనల్’ అన్న మాటను ఒకరు ‘కాలానుగుణ వంటకాలు’ అని రాశారు; ఆ మాట నోట్లో తిరగదు, పైగా అసలు విషయాన్ని మింగేస్తుంది. పులసకు కాలాన్ని నిర్ణయించేది గోదావరికి వచ్చే ఎర్రనీరు. ఇంగ్లండులో ఈ పిట్టలకు కాలాన్ని నిర్ణయించేది చట్టం. అక్కడ 1831 నాటి గేమ్ చట్టం ప్రకారం గ్రౌస్‌ను ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 వరకు, పార్ట్రిడ్జ్‌ను సెప్టెంబరు 1 నుంచి, ఫెజెంట్‌ను అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు మాత్రమే కొట్టవచ్చు. ఆ రోజుల్లోనైనా ఆదివారాలు, క్రిస్మస్ నాడు కొట్టరాదు. మిగిలిన నెలలకు మన దగ్గర మాట సిద్ధంగా ఉంది. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలు కట్టేసి ఉంచే రోజులను పత్రికలూ మత్స్యకారులూ ‘వేట నిషేధ కాలం’ అనే అంటారు. అదే మాటను ఇక్కడా వాడుకోవచ్చు, తక్కిన రోజులు ‘వేట కాలం’ అవుతాయి.

పబ్ అనగానే హైదరాబాదులోని చీకటి గది, చెవులు పగిలే పాటలు మనసులో మెదులుతాయి కనుక దానికీ ఒక వాక్యం వివరణ అవసరం. ఈ పల్లె పబ్‌లో కట్టెల పొయ్యి మండుతుంటుంది, పెంపుడు కుక్కలు బల్లల కింద పడుకుంటాయి, ఊరివారు కుటుంబంతో వచ్చి మధ్యాహ్నం భోజనం చేస్తారు. వేయించిన పార్ట్రిడ్జ్ అడిగితే ఒక మనిషికి ఒక పిట్టను పూర్తిగా పెడతారు. పక్కన పాలలో రొట్టె ముక్కలు, లవంగం, ఉల్లి వేసి ఉడికించిన చిక్కని సాసు, కాగితంలా పలుచగా కోసి వేయించిన బంగాళాదుంపలు, కాస్త ఘాటుగా ఉండే వాటర్‌క్రెస్ ఆకు ఉంటాయి. ఈకలు తీయకుండా కొన్ని రోజులు చల్లని చోట వేలాడదీసిన పిట్ట అయితే మాంసానికి కొంచెం ఘాటైన వాసన వస్తుంది. ఆ వాసన కోసమే వెతుక్కుంటూ వచ్చేవారున్నారు. కోడికి అలవాటు పడిన నాలుకకు ఇది మొదట కొత్తగానే ఉంటుంది.

పార్ట్రిడ్జ్‌ను కౌజు అనాలని ఒకరు సూచించారు. బంధుత్వం సరైనదే గాని, నేడు మన ఊళ్ళలో కౌజు పేరుతో అమ్ముతున్నది ఫారాల్లో పెంచే జపాన్ జాతి పిట్టను. అందుచేత పిట్టల పేర్లను అక్కడి పేర్లతోనే ఉంచడం మేలని నా ఉద్దేశం. వేటాడిన రెండు పిట్టలను కలిపి చెప్పే ‘బ్రేస్’ అనే మాటకు మాత్రం మన ‘జత’ చక్కగా సరిపోతుంది.

మొత్తం మీద ‘వేట మాంసం’ అని నామవాచకంగా కాక, క్రియను బయటపెట్టి ‘వేటాడిన’ అని పిట్ట పేరుకు ముందు చేరిస్తే మేక అడ్డురాదు. శీర్షికకు ‘వేట కాలపు వంటకాలు’ సరిపోతుంది. దాని కింద ‘వేటాడిన ఫెజెంట్ రోస్ట్’, ‘అడవి జింక మాంసంతో పై’ అని రాయవచ్చు (ఈ ‘పై’ పిండి పొరలో మాంసం పెట్టి కాల్చే వంటకం). బల్ల అడుగున చిన్న అక్షరాలతో రాసే హెచ్చరికను వదిలేయకూడదు, ఎందుకంటే పళ్ళకు సంబంధించిన విషయమది: ‘ఈ మాంసంలో తుపాకీ గుళ్ళు మిగిలి ఉండవచ్చు, చూసుకొని నమలండి.’