ఆన్‌లైన్ లోకంలో ఓటు ఎవరిది: డబ్బు పెట్టినవాడిదా, రోజూ ఆడేవాడిదా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

2021 చివర్లో మేం పదకొండు మందిమి ₹1,86,000 పోగుచేసి ఒక ఆన్‌లైన్ లోకంలో నాలుగు స్థలాలూ కొన్ని టోకెన్లూ (ఆ లోకపు డిజిటల్ నాణేలు) కొన్నాం. అందులో మా బావదే 70 వేలు. మా వీధి చివరింటి కుర్రాడు పెట్టింది 4 వేలు. కానీ ఆ స్థలంలో కొట్టు నడిపేది వాడే. రాత్రి పదింటికి కూర్చుంటే ఒంటిగంట దాకా లేవడు.

ఇప్పుడు అక్కడ ఒక ప్రతిపాదన ఓటింగ్‌కి వచ్చింది. రోజూ ఆడేవాళ్లకి ఇచ్చే రివార్డుని సగానికి తగ్గించి, మిగిలిన సగం టోకెన్లు దాచుకున్నవాళ్లకి పంచాలట. టోకెన్‌కి ఒక ఓటు. ఆదివారం యూటీసీ అర్ధరాత్రితో గడువు అయిపోతుంది, అంటే మనకి సోమవారం పొద్దున్న 5:30. నిన్న రాత్రి తెరిచి చూస్తే ‘అవును’ గీత అప్పటికే పచ్చగా నిండిపోయింది. కిందికి జరిపి చూశాను. ఓటేసినవి 61 వాలెట్లు (టోకెన్లు దాచుకునే డిజిటల్ ఖాతాలు). అందులో మూడు వాలెట్లవే ముప్పాతిక ఓట్లు. మా ఉమ్మడి వాలెట్‌లో ఉన్నది 23 వేల టోకెన్లు.

ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఆడేవాళ్లకే ఓటు ఉండాలి. డబ్బు పెట్టినవాడిదే మాట అని మా బావ అంటాడు. మా పదకొండు మందిలో కూడా ఇదే గొడవ. మీరేమంటారు?

కోట జంక్షన్ (విజయనగరం)

ఆడేవాడికి ఓటు అన్నారు సరే, ఆడేవాడు ఎవరో ఎలా తేలుస్తారు గురువుగారూ? వాలెట్ తెరవడానికి ఆధార్ అక్కర్లేదు. ఒక్కడే కూర్చుని రాత్రికి రాత్రి వెయ్యి వాలెట్లు తెరిచి, ఆటలోని వెయ్యి బొమ్మల్ని బాట్‌తో, అంటే దానంతటదే ఆడే ప్రోగ్రామ్‌తో, తిప్పగలడు. మనిషికో ఓటు అంటే ఆ లోకంలో వెయ్యి ఓట్లు వాడివే. టోకెన్ ఓటు గొప్పదని నేననడం లేదు. దొంగ ఓటు వేయాలంటే జేబులోంచి డబ్బు తీయాల్సి వస్తుంది, దాని బలం అంతవరకే.

ఇంకో సంగతి. ఆడేవాళ్ల చేతికి ఓటిస్తే రివార్డు పెంచుకుంటారే తప్ప తగ్గించుకోరు. యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆట గుర్తుందా? ఆడినకొద్దీ ఎస్‌ఎల్‌పీ టోకెన్లు పుట్టేవి. అవి ఖర్చయ్యేది మాత్రం కొత్త యాక్సీలను (ఆటలోని జంతువులు) పుట్టించినప్పుడే. కొత్తవాళ్లు చేరినంతకాలం అంతా బాగుంది. 2021 జూలైలో 30 సెంట్లు దాటిన ఎస్‌ఎల్‌పీ 2022 జనవరి ఆఖరికి రెండు సెంట్ల లోపుకి పడింది. ఫిబ్రవరిలో కంపెనీయే ఒంటరిగా ఆడే అడ్వెంచర్ మోడ్‌లో ఇచ్చే ఎస్‌ఎల్‌పీని ఆపేసింది. అదే ఆటగాళ్ల ఓటుకి పెట్టి ఉంటే, ఆ డబ్బుతో ఇల్లు గడుపుకుంటున్నవాళ్లు ఒప్పుకునేవారా? వాళ్లని తప్పుపట్టడం లేదు. నేనైనా ఒప్పుకోను.

శివారు రైతు కొడుకు (టెక్కలి)

మాది వంశధార ఎడమ కాలువ కింద శివారు ఆయకట్టు. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో చదివాక కూడా మా పిల్లకాలువలో రోజుల తరబడి తడి కనిపించేది కాదు. నాన్న రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని ఎగువకి వెళ్తే తూము దగ్గర మట్టి నింపిన గోనెసంచులు అడ్డంగా ఉండేవి. ఒక్కొక్కటీ పక్కకి లాగి, నీళ్లు కదిలిన చప్పుడు విన్నాకే ఇంటికొచ్చేవారు. 1997 నీటి సంఘాల చట్టం వచ్చాక ఎకరం ఉన్నా ఇరవై ఎకరాలున్నా రైతుకి ఒకటే ఓటు. ఎకరాల లెక్కన ఓట్లుంటే ఎకరంన్నర ఉన్న మా నాన్న ఆ మీటింగ్‌కి వెళ్లడమే దండగ.

పొలం ఉన్నవాడు తప్పుడు నిర్ణయం చేసి పారిపోలేడు. వచ్చే ఖరీఫ్‌లో వాడి మడే ఎండుతుంది. టోకెన్ పట్టుకున్నవాడు ఓటేసిన మర్నాడే అమ్ముకుని పోతాడు. మర్నాడు కూడా అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో బీన్‌స్టాక్ అనే క్రిప్టో ప్రాజెక్టులో ఒకడు ఫ్లాష్ లోన్ (తాకట్టు లేకుండా తీసుకుని అదే లావాదేవీలో తీర్చేసే అప్పు) తీసుకుని, ఆ అప్పుతో మూడింట రెండొంతుల ఓట్లు సంపాదించి, ఖజానా మొత్తం తనకి పంపించే ప్రతిపాదనని తనే గెలిపించుకున్నాడు. అప్పు తీసుకోవడం, ఓటేయడం, దోచడం, అప్పు తీర్చడం అంతా ఒకే లావాదేవీలో జరిగిపోయింది. నష్టం దాదాపు 18 కోట్ల డాలర్లు. దొంగ ఓటుకి జేబులోంచి డబ్బు తీయాలన్నారు కదా, అది ఎవడి జేబు సార్?

కోట జంక్షన్

బీన్‌స్టాక్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అక్కడ తప్పు టోకెన్ ఓటుది కాదు, అప్పటికప్పుడు తెచ్చిన టోకెన్‌కి కూడా ఓటు ఇవ్వడం. కర్వ్ అనే క్రిప్టో ప్రాజెక్టులో చూడండి. టోకెన్ని తాళం వేసి పెడితేనే ఓటు. నాలుగేళ్లు పెడితే పూర్తి బలం, ఏడాదికైతే పావు వంతు. మీ నాన్నగారి పొలంలాగే వదిలి పోలేని పరిస్థితి అన్నమాట. పైగా పొలానికి పట్టా ఉంది, పట్టాలో పేరుంది. అందుకే అక్కడ మనిషికో ఓటు నడుస్తోంది. వాలెట్‌కి ఏ పట్టా ఉంది?

శివారు రైతు కొడుకు

తాళం సంగతి నాకు నచ్చింది. కానీ టోకెన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో దాచుకున్న టోకెన్ల మాటేమిటి? 2020లో ట్రాన్ అనే క్రిప్టో సంస్థ పెట్టిన జస్టిన్ సన్, స్టీమ్ టోకెన్ నెట్‌వర్క్ వెనకున్న స్టీమిట్ కంపెనీని కొన్నాక, మార్చిలో కొన్ని పెద్ద ఎక్స్ఛేంజీలు ఖాతాదారుల టోకెన్లతోనే ఆయనకి అనుకూలంగా ఓటేశాయి. దాచుకున్నవాడికి ఆ సంగతే తెలీదు. వాడుకరులు అదే నెల 20న విడిపోయి హైవ్ అనే వేరే నెట్‌వర్క్ పెట్టుకోవాల్సొచ్చింది.

ఆడిటింగ్ పని (విజయనగరం)

చిన్న మాట. టోకెన్లు అమ్ముకుని పారిపోవడం అందరికీ ఒకేలా ఉండదు. 2022 ఏప్రిల్ నుంచి మన దగ్గర లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసుకునే పన్ను). ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో టోకెన్ లాభంలో తగ్గించుకోవడం కుదరదు. మనవాళ్లు అమ్మాలంటే నాలుగుసార్లు ఆలోచిస్తారు.

పొందూరు ఆడపడుచు

నేను పదేళ్లుగా మా పొదుపు సంఘం పుస్తకాలు రాస్తున్నాను. క్రిప్టో గురించి ఎక్కువ తెలీదు గానీ, మీరు రెండు ప్రశ్నల్ని ఒకటి చేస్తున్నారనిపిస్తోంది అన్నయ్యా.

మా సంఘంలో అందరి పొదుపూ సమానం, అందుకే అందరి మాటా సమానం. ఈ నెల అప్పు ఎవరికివ్వాలో చాప మీద కూర్చుని తేల్చుకుంటాం. మీ దగ్గర పెట్టుబడులు సమానం కాదు. కాబట్టి లాభం పంచేటప్పుడు మీ బావగారి 70 వేలకి తగ్గ వాటా ఆయనకి రావాలి, అందులో మాట లేదు. కానీ కొట్టు ఎలా నడపాలి, ఏ ప్రతిపాదనకి ఎటు ఓటేయాలి అన్నది వేరే సంగతి. సహకార సంఘంలో ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఓటు ఒకటే.

టెక్కలి తమ్ముడికి కూడా ఒక మాట. మీ నీటి సంఘంలో కౌలు రైతుకి ఓటు ఉండాలంటే రికార్డులో పేరు ఉండాలి. మన ఊళ్లలో నోటిమాట కౌలుకి రికార్డు ఎక్కడుంది? నీళ్ల కోసం రాత్రంతా గట్టు మీద కాపలా కాసేది వాడు, ఓటు పట్నంలో ఉన్న ఆసామిది. యాక్సీలో కూడా వేరేవాళ్ల యాక్సీలు తీసుకుని వాటాకి ఆడిన పిల్లలు ఫిలిప్పీన్స్‌లో చాలామంది ఉన్నారని చదివాను. వాళ్లదీ ఇదే బతుకు. అన్నయ్యా, మీ వీధి కుర్రాడిని ఎవరైనా అడిగారా?

శివారు రైతు కొడుకు

నిజమే అక్కా. మా పక్క చేను కౌలుకి చేసేవాళ్లకి ఓటు లేదు. ఇన్నాళ్లూ నాకు తట్టలేదు.

కొట్టు దగ్గర కుర్రాడు (శ్రీకాకుళం)

ఆ కుర్రాడిని నేనే. అన్నయ్య లింక్ పంపితే చదివాను.

రివార్డు తగ్గించాలనే నేనూ అంటాను. కోట జంక్షన్ గారు ఆటగాళ్లు ఒప్పుకోరన్నారు. అందరం అలా ఉండం సార్. రెండేళ్ల కిందట రాత్రి పదకొండింటికి మన కొట్టు ముందు నలభై మంది ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది రోజు రివార్డు పడగానే మాయమయ్యేవారు. బొమ్మ గోడకి తగులుకుని అక్కడే నడుస్తూ ఉండేది, పలకరిస్తే జవాబు ఉండేది కాదు. ఇప్పుడు నాతో కలిపి తొమ్మిది మంది వస్తున్నారు. వీళ్లు మాట్లాడతారు, బేరమాడతారు, ఏదైనా కట్టి చూపిస్తారు. గోడకి తగులుకునేవాళ్లకిచ్చే డబ్బు ఆపితే లోకానికి మంచిదే.

కానీ ఆ సగాన్ని టోకెన్లు దాచుకున్నవాళ్లకి ఎందుకు పంచాలి? ఏదైనా కట్టేవాళ్లకి ఇవ్వాలి. ప్రతిపాదనలో రెండూ ఒకే ప్రశ్నగా కట్టేశారు. అవును అన్నా తప్పే, కాదు అన్నా తప్పే. విడిగా ఇంకో ప్రతిపాదన పెడదామంటే లక్ష టోకెన్లు చూపించాలి. ఇది తయారుచేసేటప్పుడు రోజూ అక్కడ ఉండే మా తొమ్మిది మందిలో ఒక్కరిని అడిగినా చెప్పేవాళ్లం.

నాగావళి గట్టు

ఇదంతా బావకి చదివి వినిపించాను. ఆడేవాళ్లకే ఓటు అని మొదట రాశాను గానీ, పొందూరు అమ్మాయి చెప్పిన పద్ధతే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది. బావ పూర్తిగా ఒప్పుకోలేదు. వాటా విషయంలో ముందుగా కాగితం రాసుకుంటేనే మనిషికో ఓటుకి వస్తానన్నాడు. అది న్యాయమే, రాస్తాం. కుర్రాడు చెప్పిన తొమ్మిది మంది లెక్క విని మాత్రం ‘ఇన్నాళ్లూ ఈ మాట నాకెందుకు చెప్పలేదు’ అని వాడికే ఫోన్ చేశాడు.

ఆదివారం సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పదకొండు మందిమీ కూర్చుంటున్నాం. 23 వేలు ‘కాదు’ వైపు పడేలా ఉన్నాయి. విడిగా ప్రతిపాదన పెట్టాలంటే లక్షకి ఇంకా 77 వేలు కావాలి. కుర్రాడు ఆ మిగతా ఎనిమిది మందికీ ఈ రాత్రి కబురు పెడతానన్నాడు.