లండన్ నుంచి ఒక్కరోజు ఫ్రాన్స్ షాపింగ్: అమ్మానాన్నలకు కోచా, రైలా?

హన్మకొండ చౌరస్తా:
మా అమ్మానాన్న జూన్‌ల లండన్ పోతున్నరు, చెల్లె దగ్గర రెండు నెలలుంటరు. యూకే విజిటర్ వీసా వచ్చింది. పొద్దున పోయి రాత్రికి వచ్చేటట్టు ఫ్రాన్స్‌ల షాపింగ్ చేద్దామంటున్నరు. పర్ఫ్యూములు, చాక్లెట్లు, పెళ్లి పెట్టుపోతలకు చిన్న చిన్న సామాన్లు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. కోచ్ (దూరం పోయే బస్సు) అగ్గువ అంటున్నరు, నిజమేనా? ఫ్రాన్స్ వీసా లండన్‌లనే తీసుకోవచ్చా?

కాజీపేట జంక్షన్:
ముందు వీసా సంగతి తేల్చుకో తమ్మీ. యూకే వీసా మీద ఫ్రాన్స్‌ల అడుగు పెట్టనియ్యరు, షెంజెన్ (ఫ్రాన్స్‌తో పాటు యూరప్ దేశాల ఉమ్మడి వీసా) వేరే కావాలె. విజిటర్‌గా పోయినోళ్ల దరఖాస్తు లండన్‌ల మామూలుగా తీసుకోరు. హైదరాబాద్‌ల వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సెంటర్‌లనే పెట్టాలె, వేలిముద్రలకు ఇద్దరూ పోవాలె. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఎండకాలం స్లాట్ల కోసం కొట్లాటే, ఇప్పుడే చూడు. పాస్‌పోర్ట్ ఆ సెంటర్ వాళ్ల దగ్గరే ఉంటది, అందుకే ఫ్లైట్ తేదీ దగ్గరికొచ్చేదాకా ఆగొద్దు. ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలె. యూకే కోసం తీసిన పాలసీల షెంజెన్ దేశాలు ఉన్నయో లేవో చదువుకో, చాలామందికి దరఖాస్తు అక్కడే తిరిగొస్తది. ఒక్కపూట షాపింగ్‌కు ఇంత ఖర్చు నా లెక్కల దండుగ. ప్యారిస్‌ల రెండు రోజులుంటే పెట్టిన పైసలకు న్యాయం.

ఓరుగల్లు టు యూస్టన్:
మోకాళ్ల నొప్పులుంటే కోచ్ వద్దు. లండన్ నుంచి డోవర్ ఓడరేవుకు రెండు గంటల పైమాటే, తనిఖీ లైన్లు, ఆ తర్వాత ఫెర్రీ గంటన్నర. ఫెర్రీలో బస్సు దిగి పైడెక్కుకు పోవాలి. కొన్ని కోచ్‌లు సముద్రం కింది సొరంగం గుండా పోతాయి: బస్సునే రైలెక్కిస్తారు, 35 నిమిషాలు, మనం సీట్లోనే ఉంటాం. ఎట్లా పోయినా ఫ్రాన్స్ గడియారం గంట ముందుంటుంది. ఆరింటికి బయల్దేరితే ఫ్రాన్స్ తీరంలోని కలే చేరేసరికి అక్కడ మధ్యాహ్నం. షాపింగ్ కోచ్‌లు ఎక్కువగా ఆగేది సొరంగం పక్కన కోకెల్‌లోని సితే యూరోప్ మాల్ దగ్గర. పెద్ద కార్‌ఫూర్ సూపర్‌మార్కెట్ ఉంది, సామాను డిక్కీలో పడేసుకోవచ్చు. కోచ్‌కున్న లాభం అదీ, తక్కువ టికెట్ ధరే.

యూరోస్టార్ రైల్లో లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి ఉత్తర ఫ్రాన్స్‌లోని లిల్‌కు గంటన్నర లోపే. లిల్ యూరోప్ స్టేషన్ పక్కనే యూరాలిల్ మాల్, నడక తక్కువ. ఫ్రెంచ్ పోలీసుల తనిఖీ లండన్ స్టేషన్లోనే అయిపోతుంది. అయితే 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అనే కొత్త సరిహద్దు నమోదు మొదలైంది, మొదటిసారి వెళ్లేవాళ్లకు ఫొటో తీస్తారు, లైన్ లాగుతుంది. గేట్లు అరగంట ముందే మూసేస్తారు, గంటన్నర ముందుండాలి. విమానంలోలా 100 మిల్లీలీటర్ల నియమం లేదు, పర్ఫ్యూమ్ సీసాలు చేతిసంచిలోనే తెచ్చుకోవచ్చు. ఆదివారం పెట్టుకోవద్దు, చాలా షాపులు బంద్. జూన్ ఆఖర్లో సర్కారు ఖరారు చేసిన తేదీన ‘సోల్ద్’ డిస్కౌంట్లు మొదలై నాలుగు వారాలుంటాయి. ఆ మొదటివారంలోనే సైజులన్నీ దొరుకుతాయి.

భద్రకాళి చెరువుకట్ట:
పన్ను వాపసు మర్చిపోవద్దు. ఒకే షాపులో 100 యూరోలు దాటితే ‘దెతాక్స్’ కాగితం అడగాలె. ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపాలె, జిరాక్స్ చెల్లదు. ఫ్రాన్స్ దాటకముందే ఆ కాగితానికి కస్టమ్స్ ధ్రువీకరణ పడాలె, లేకపోతే పైసలు రావు. ప్యారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో పాబ్లో అనే కస్టమ్స్ మిషన్‌లో బార్‌కోడ్ చూపిస్తే అయిపోతది. కోచ్‌లైతే బస్సు కస్టమ్స్ దగ్గర ఆగుతదా అని టికెట్ కొనేముందే అడుగుండ్రి, చాలావాటికి అంత తీరిక ఉండదు.

యూకేలోకి తిరిగొచ్చేటప్పుడు మనిషికి 390 పౌండ్ల సామానుకు సుంకం లేదు. ఒక్క వస్తువే అంతకు మించితే దాని పూర్తి ధర మీద కట్టాలె, ఇద్దరి పరిమితి కలిపి చూపుడు కుదరదు.

హన్మకొండ చౌరస్తా:
అందరికీ థాంక్స్. లిల్ రైలే ఖాయం చేస్తం. ఇంకొక్కటి: అమ్మ బయటి తిండి తినది. పెరుగన్నం కట్టుకపోవచ్చా?

ఓరుగల్లు టు యూస్టన్:
పెరుగు, నెయ్యి, పాలకోవా, మాంసం ఏవీ ఫ్రాన్స్‌లోకి తీసుకుపోనివ్వరు. పులిహోర, సకినాలు తీసుకెళ్లమనండి. వచ్చేటప్పుడూ అంతే, 2025 ఏప్రిల్ నుంచి అక్కడి చీజ్, మాంసం బ్రిటన్‌లోకి తేవద్దు. చాక్లెట్లు, రొట్టెలు పర్వాలేదు.