ఏపీ బండి, బెంగళూరు ట్రాఫిక్: క్లచ్ మార్చాలా, కారే మార్చాలా?

కసవనహళ్ళి_కొత్తోడు
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. విజయవాడలో ఉద్యోగం చేసేవాణ్ణి, ఈ మార్చిలో బెంగళూరు వచ్చాం. ఇల్లు కసవనహళ్ళిలో, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ టెక్ పార్కు వైపు. వారానికి నాలుగు రోజులు వెళ్ళాలి. పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరితే గంటలోపు చేరింది ఇంతవరకూ లేదు.

కారు 2019 స్విఫ్ట్ పెట్రోల్, మాన్యువల్, ఏపీ 39 నంబరు, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న మారతహళ్ళి బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ గోల పెడుతోంది కానీ బండి ముందుకి పోవట్లేదు. కాలిన వాసన కూడా వచ్చింది. పక్కనున్న టెంపోదేమో అనుకుని అద్దం ఎక్కించా. టెంపో వెళ్ళిపోయాక కూడా వాసన నాతోనే ఉంది.

ఇప్పుడు క్లచ్‌కి డబ్బులు పెట్టాలా, లేక దీన్ని అమ్మేసి ఆటోమేటిక్ కొనాలా? ఉంచుకుంటే కర్ణాటక నంబరు తప్పదా? ఎడమ మోకాలు కూడా పీకుతోంది. మా ఆవిడైతే "కారు సంగతి తర్వాత, ముందు ఆ మోకాలు ఎవరికైనా చూపించు" అంటోంది.

మారతహళ్ళి_పాతకాపు
తమ్ముడూ, అమ్మడం కొనడం తర్వాత. ముందు చిన్న పరీక్ష చెయ్. ముందూ వెనకా ఎవరూ లేని సమతలం చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగు. మూడో గేరు వేసి, కొంచెం రేస్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదులు. ఇంజన్ టక్కున ఆగిపోతే క్లచ్ ప్లేటులో ఇంకా జీవం ఉన్నట్టు. ఆగకుండా మోగుతూనే ఉంటే ప్లేటు అయిపోయినట్టు. ఒక్కసారి చాలు. సరదాగా ఉందని నాలుగుసార్లు చేశావంటే మిగిలింది కూడా అక్కడే కాల్చేస్తావు.

కసవనహళ్ళి_కొత్తోడు
చేశా అన్నా. మోగుతూనే ఉంది. 😔

మారతహళ్ళి_పాతకాపు
అయితే మార్చాల్సిందే. ప్లేటు ఒక్కటే వేసి పంపిస్తామంటే ఒప్పుకోకు. ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కూడా కలిపి సెట్టుగా వేయించు. ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు కదా, ఆరు నెలలకి బేరింగ్ అరిచిందంటే మళ్ళీ అదే కూలి. పాత ప్లేటు చూపించమని అడుగు. నేనైతే ఇంటికి తెచ్చుకున్నా, మా అబ్బాయి దాన్ని స్కూలు ప్రాజెక్టుకి పట్టుకెళ్ళాడు.

ఇంకో మాట, ఏమనుకోకు. 61 వేలకే పోయిందంటే కారుని కాదు, నీ ఎడమ కాలిని అనుమానించాలి. ట్రాఫిక్‌లో పాదం పెడల్ మీదే ఆనించి ఉంచుతావు కదూ? ముందు బండి అడుగు కదిలితే నువ్వూ హాఫ్ క్లచ్‌లో అడుగు కదులుతావు. అలా చెయ్యకు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసెయ్. ముందు కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ తొక్కకుండా పాకించు. అవును, ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది. దూరనీ. ఆటోవాడికి దారివ్వడం క్లచ్ సెట్టు కంటే చవక.

ఆటోమేటిక్_అక్క
పాతకాపు గారు చెప్పింది నిజమే, కానీ ఈ ఊళ్ళో రోజూ రెండున్నర గంటలు మాన్యువల్ నడిపేవాడికి "కాలు సరిగ్గా పెట్టు" అనడం పస్తున్నవాడికి నమిలి తినమన్నట్టుంది. ఐదేళ్ళు మాన్యువల్ నడిపాను, మూడేళ్ళ క్రితం మారాను. మళ్ళీ వెనక్కి వెళ్ళే ప్రసక్తే లేదు. "ఆడవాళ్ళ బండి" అని వెక్కిరించిన మా మరిది ఇప్పుడు శనివారం వస్తే తాళాలు నన్నే అడుగుతాడు.

కాకపోతే ఆటోమేటిక్ అన్నవన్నీ ఒకటే కాదు. చవకగా వచ్చే ఏఎంటీలో లోపల ఉండేది మామూలు క్లచ్చే, మామూలు గేర్‌బాక్సే. మన కాలు చేసే పని ఒక మోటారో హైడ్రాలిక్ పంపో చేస్తుందంతే. అందుకే గేరు మారేటప్పుడు తల ఊపుతుంది. చాలామంది ఫ్లైఓవర్ ఎక్కుతూ జామ్‌లో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడతారు. ఏఎంటీలో అలా చేస్తే నీ మాన్యువల్‌కి పట్టిన గతే దానికీ. ఎత్తులో ఆగితే బ్రేకు తొక్కాలి, లేదా హ్యాండ్‌బ్రేక్ లాగాలి.

సీవీటీ, టార్క్ కన్వర్టర్ అని వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సులున్నాయి, అవి ట్రాఫిక్‌లో మెత్తగా పోతాయి. సీవీటీలో గట్టిగా తొక్కితే శబ్దం ముందొస్తుంది, వేగం తర్వాత వస్తుంది. రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ రకం హైవే మీద హాయిగా ఉంటుంది కానీ బంపర్‌కి బంపర్ ఆనించి గంట పాకితే వేడెక్కుతుంది, ముఖ్యంగా డ్రై క్లచ్, అంటే క్లచ్ నూనెలో మునిగి ఉండని రకం. మా కొలీగ్ కారులో డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ వచ్చి, పక్కకి ఆపి చల్లారేదాకా కూర్చున్నాడు. టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ వాళ్ళు ఖాళీ సర్వీస్ రోడ్డు చూపిస్తారు. ఒప్పుకోకు. సాయంత్రం ఆరున్నరకి వెళ్ళి, "మీ ముందున్న ఈ జామ్‌లోనే నడుపుతా" అను.

పెనుకొండ_గాలి
కొత్తోడూ, మాదీ మీ వైపే. నెలకి ఎన్నిసార్లు ఊరికి పోతావు? నెలకోసారి అనంతపురం అనుకుంటే ఆఫీసుకి ఒక కారు, ఊరికి ఒక కారు కావాలనిపిస్తుంది. ఉండేది ఒకటే కదా. నేనైతే మాన్యువల్‌కే ఓటేస్తా.

నిజమైన సలహా మాత్రం వేరే ఉంది. శుక్రవారం సాయంత్రం బయల్దేరొద్దు సామీ. హెబ్బాళ్ దాటేసరికి సగం ప్రాణం పోతుంది. శనివారం తెల్లారి నాలుగున్నరకి బయల్దేరితే బాగేపల్లి టోలు దగ్గర తెల్లవారుతుంది, కొడికొండ చెక్‌పోస్టు దాటాక టిఫిను. ఆ రోడ్డు చూసి వంద దాటించకు. ఊళ్ళ దగ్గర డివైడర్ తెరిచినచోట ట్రాక్టర్ ఎదురుగా వస్తుంది, లైట్లుండవు. మా పెదనాన్న కొడుకు అలాగే గేదెని తప్పించబోయి డివైడర్ ఎక్కాడు. మనిషి క్షేమం, కారు తుక్కు.

టైర్లు ఎప్పుడు మార్చావు?

కసవనహళ్ళి_కొత్తోడు
మార్చలేదన్నా. కంపెనీవే. గాట్లు ఇంకా బాగానే ఉన్నాయి.

పెనుకొండ_గాలి
గాట్లు కాదు, పుట్టినరోజు చూడు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివర్లో, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైందని. కొన్ని టైర్లకి ఆ అంకెలు లోపలి వైపు మాత్రమే ఉంటాయి, బోర్లా పడుకుని చూడాలి. ఎండకి రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్ళు వస్తాయి, గాటు లోతుగానే ఉంటుంది. ఆ టైర్లతో జూన్ ఎండలో గుత్తి దాకా వెళ్ళడం నాకిష్టం లేదు.

ఫారం_28
నంబరు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. ఇది మూడేళ్ళ క్రితం నేను స్వయంగా పడ్డ తిప్పలు.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 47. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి 12 నెలలకి మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. "నేను ప్రతి నెలా ఊరెళ్ళి వస్తున్నా, లెక్క మళ్ళీ మొదలవుతుంది" అని మనవాళ్ళు వాదిస్తుంటారు. ఆ వాదనతో రోడ్డు మీద నిలబడి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. ఎప్పుడు తెచ్చావో చూపించే కాగితం మాత్రం దగ్గర పెట్టుకో. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, అద్దె అగ్రిమెంట్, ఆఫీసు బదిలీ లెటరు, ఏదైనా సరే. నీ గడువు వచ్చే మార్చి దాకా ఉంది.

ఉంచుకుంటే ముందు సొంత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. దాని దరఖాస్తే ఫారం 28, అదే నా పేరు. కారు మీద లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కావాలి. చలానాలు బాకీ ఉండకూడదు. తర్వాత ఇక్కడ కొత్త నంబరు కోసం ఫారం 27, బండి చూపించడం, లైఫ్ ట్యాక్స్ కట్టడం, కొత్త హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేట్లు. నంబరు మారాక ఇన్సూరెన్సులోనూ ఫాస్టాగ్‌లోనూ మార్చడం మర్చిపోకు. నేను ఇన్సూరెన్స్ మర్చిపోయి రెండు నెలలు తిరిగాను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కర్ణాటక లైఫ్ ట్యాక్స్ దేశంలోనే ఎక్కువ ఉన్నచోట్లలో ఒకటి. కొత్త పెట్రోలు కారుకి 5 నుంచి 10 లక్షల ధరలో 14 శాతం, 10 దాటితే 17, 20 దాటితే 18, దాని మీద సెస్సు. పాత బండికి వయసు చూసి తగ్గిస్తారు. నా ఆరేళ్ళ కారుకి 60 వేల పైచిలుకు అయింది. ఏపీలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, కొత్త ఆర్‌సీ చూపించాలి. నేను ఒక ఏజెంటుకి అప్పగించాను. అతను డబ్బు తీసుకున్నాడు, తర్వాత ఫోను తీయడం మానేశాడు. చివరికి సెలవు పెట్టుకుని నేనే తిరిగాను.

మళ్ళీ బదిలీ అయ్యే ఉద్యోగమైతే కొత్త కారుకి బీహెచ్ సిరీస్ ఆలోచించు, రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరు అది. నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగులకి కూడా ఇస్తారు, ట్యాక్స్ రెండేళ్ళకోసారి. నువ్వు అక్కడ పనిచేస్తున్నావని కంపెనీ ఫారం 60 మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టించడం ఇంక్రిమెంట్ అడగడం కన్నా కష్టం.

మునిగిన_కారు
బెల్లందూరు చుట్టుపక్కల తిరిగేవాడివి కాబట్టి ఒక్కటి విను. 2022 సెప్టెంబరు వాన, అవుటర్ రింగ్ రోడ్డు. ముందు బస్సు దాటింది కదా అని నేనూ దిగాను. బస్సు లేపిన అల నా బానెట్ మీదకొచ్చింది. ఇంజన్ ఆగింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కంగారులో మూడుసార్లు స్టార్ట్ కొట్టాను. మూడోసారి "ఠక్" అని ఒక చప్పుడు, అంతే. సిలిండర్లోకి వెళ్ళిన నీరు నలగదు కదా, పిస్టన్ కిందున్న రాడ్డు వంగిపోయింది.

ఇన్సూరెన్సువాళ్ళు సీట్లు, వైరింగు ఇచ్చారు. ఇంజన్‌కి పైసా ఇవ్వలేదు. నీళ్ళలో స్టార్ట్ చేశావు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోలేదు అన్నారు. రెన్యూవల్‌లో అది కొన్ని వందలు, మహా అయితే వెయ్యి రెండు వేలు అదనం. టిక్కు పెట్టు. నీళ్ళలో ఆగితే తాళం ముట్టుకోవద్దు, దిగి తోయించు.

ఎలుకల_బాధితుడు
ఎవరూ ఎలుకల ఊసెత్తరేం? బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్నవాడికి క్లచ్ కంటే ముందు వైర్లు పోతాయి. నా బానెట్ కింద సగం తిన్న చపాతీ, కొరికేసిన సెన్సర్ వైరు, పక్కనే ఒక పిల్ల చెప్పు దొరికాయి. చెప్పు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. పొగాకు కాడలు గుడ్డలో కట్టి పెడుతున్నాను, ఆర్నెల్లుగా పనిచేస్తోంది. కారు తీసిన ప్రతిసారీ లోపల చుట్ట కాల్చినట్టుంటుంది.

ఆటోమేటిక్_అక్క
@ఎలుకల_బాధితుడు పొగాకు పెట్టాక ఎలుకలు పోయాయా, మీ ఆవిడ ఎక్కడం మానేసిందా?

ఎలుకల_బాధితుడు
రెండూనూ.

మారతహళ్ళి_పాతకాపు
నా లెక్క చెప్తా. ఆటోమేటిక్‌కి మారితే నీ పాత కారుకి వచ్చేది పోను ఇంకో ఐదారు లక్షలు పెట్టాలి. క్లచ్ సెట్టు పది వేల లోపు. సిల్క్ బోర్డు మీదుగా పసుపు మెట్రో 2025 ఆగస్టులో వచ్చింది, ఊదా లైను 2023 నుంచి వైట్‌ఫీల్డ్ దాకా నడుస్తోంది. నీ ఇంటి నుంచి నేరుగా లేదు, నిజమే. రింగ్ రోడ్డు మీద స్తంభాలు లేస్తున్నాయి కదా, ఆ లైను వచ్చాక ఆఫీసుకి కారు తీస్తావా? రెండేళ్ళ నొప్పికి ఆరు లక్షల మందు ఎందుకు.

ఆటోమేటిక్_అక్క
రెండేళ్ళు అని ఎవరు చెప్పారండీ? ఊదా లైను పూర్తవుతుందని మేం ఎన్ని ఉగాదులు ఎదురుచూశామో నన్నడగండి. మోకాలు ఆ స్తంభాలు లేచేదాకా ఆగదు.

పెనుకొండ_గాలి
కొత్తోడూ, ఊరికి ఎక్కువ తిరిగితే ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకో. 2025లో దాని ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల టోళ్ళకే. బెంగళూరులోని ప్రైవేటు టోలు రోడ్డు నైస్ రోడ్డుకి చెల్లదు, అక్కడ మామూలుగా కట్టాలి. నంబరు మార్చాలనుకుంటే ఆ పని అయ్యాక కొను. పాస్ బండి నంబరుకి ముడిపడి ఉంటుంది.

కసవనహళ్ళి_కొత్తోడు
పది రోజుల తర్వాత రాస్తున్నా, ఏమనుకోవద్దు.

క్లచ్ సెట్టు వేయించాను. పాత ప్లేటు అడిగి తీసుకున్నా, రివెట్లు బయటికొచ్చి మెరుస్తున్నాయి. ఇప్పుడు పెడల్ ఎంత తేలికగా ఉందంటే, మొదటి రోజు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక సిగ్నల్లో రెండుసార్లు ఆగిపోయింది. వెనకున్న క్యాబ్ డ్రైవరు "ఏన్ సార్, హొసదా?" అన్నాడు. పాతదే అని చెప్పడానికి సిగ్గేసింది.

అక్క చెప్పినట్టు సాయంత్రం ఆరున్నరకి రెండు ఆటోమేటిక్‌లు నడిపి చూశాను. షోరూమ్ కుర్రాడు జామ్‌లో పక్కన కూర్చుని నిద్రపోయాడు. నచ్చింది, ముఖ్యంగా సీవీటీ. కానీ ఇప్పుడే కొనను, జనవరి దాకా మోకాలు ఏమంటుందో చూస్తా. ఆఫీసువాళ్ళని మూడు రోజులకి తగ్గించమని అడిగాను, ఒప్పుకునేట్టున్నారు.

ఎన్‌వోసీ కోసం చూస్తే, బెంజ్ సర్కిల్ దగ్గర రెండేళ్ళ క్రితం పడ్డ సీటు బెల్టు చలానా ఒకటి బయటపడింది. ఫోటోలో బెల్టు లేకుండా ఉన్నది మా బావమరిది. డబ్బులు అతనే పంపాడు, సగం.

టైర్లు చూశా. నాలుగూ 1719. పగుళ్ళు మీరు చెప్పినట్టే వెంట్రుకల్లా ఉన్నాయి. మార్పించాను.

పెనుకొండ_గాలి
నాలుగేనా? స్టెప్నీ చూశావా?

కసవనహళ్ళి_కొత్తోడు
మీరడిగాక ఇప్పుడే డిక్కీలో ఊరినుంచి తెచ్చిన బియ్యం మూట దించి చూశా. అదీ 1719. ఆరేళ్ళలో ఒక్కసారీ నేల ముట్టలేదు, గాలి 12 ఉంది.