నార్వే కట్టడాల వర్ణనను ఇంగ్లీషులోకి తేవడం: అనువాదకుడు ఎంత స్వేచ్ఛ తీసుకోవచ్చు?

ఫ్యోర్డ్‌గట్టు:
నార్వేలో ఆర్కిటెక్టులు రాసే ప్రాజెక్టు వివరణలు ఇంగ్లీషులోకి అనువదిస్తుంటాను. ఎక్కడ చూసినా "బిగ్గె ఫ్రెమ్‌స్టోర్ సొమ్..." అని తగులుతుంది. ఉన్నదున్నట్టు దింపితే "ద బిల్డింగ్ అప్పియర్స్ యాజ్..." అవుతుంది. అది చదివిన ఇంగ్లీషువాడికి, పైకలా కనిపిస్తోంది గానీ లోపల ఇంకేదో ఉందేమో అనిపిస్తుంది. అందుకే "ఈజ్" అని తేల్చేస్తాను. "మా శైలిని చంపేశారు" అని క్లయింటు అలిగాడు. మీరేమంటారు?

నిట్రాట:
క్లయింటు వైపే నేను. ఓస్లో ఒపేరా హౌస్ చూడండి, స్నోహెట్టా అనే ఆర్కిటెక్టుల సంస్థ వాళ్లది, 2008లో తెరిచారు. తెల్లటి కరారా పాలరాయి పరిచిన పైకప్పు ఏటవాలుగా ఫ్యోర్డ్ (సముద్రపు పాయ) నీళ్లదాకా దిగుతుంది, జనం దానిమీద హాయిగా నడుస్తారు. అది మంచుగడ్డలా కనిపిస్తుందని ఎవరైనా రాస్తే, అక్కడా "ఈజ్" పెడతారా?

ఫ్యోర్డ్‌గట్టు:
పెట్టనండీ, అక్కడ చెప్పేదే పోలిక కదా. నా గొడవల్లా "మూడంతస్తుల ఇటుక కట్టడంగా కనిపిస్తుంది" లాంటి వాటితో. అది మూడంతస్తుల ఇటుక కట్టడమే!

జీప్లస్‌టూ:
శైలి సంగతి అటుంచండి, ఆ మూడంతస్తుల లెక్క సరిచూశారా? నార్వేలో ఒకటో "ఎటాషె" (అంతస్తు) అంటే నేలమీదున్నదే. బ్రిటన్‌లోనూ మన దగ్గరా ఫస్ట్ ఫ్లోర్ అంటే దానిపైది. కాబట్టి వాళ్ల మూడంతస్తులు మన జీ ప్లస్ టూ. వాళ్ల రెండో ఎటాషెని సెకండ్ ఫ్లోర్ అని రాసి బ్రిటిష్ వాళ్లకిస్తే, గదులన్నీ ఒక అంతస్తు పైకెక్కి కూర్చుంటాయి. అమెరికా వాళ్లకైతే ఆ అంకెలే సరిపోతాయి. చదివేది ఎవరో ముందు అడగాలి.

పాతకొయ్య:
కొత్త భవనాలు నయం. పాత కొయ్య చర్చిల దగ్గరకొస్తే తల ప్రాణం తోకకొస్తుంది. 1180 ప్రాంతంలో కట్టిన బోర్గుండ్ చర్చికి బయట చుట్టూ కప్పున్న నడవ ఉంది, "స్వాల్‌గాంగ్" అంటారు. దాన్ని ఊరికే "గ్యాలరీ" అని వదిలేస్తే, ఇంగ్లీషు చర్చిలు తెలిసినవాళ్లు లోపల పైన జనం కూర్చునే చోటనుకుంటారు. ఈ చర్చిల్ని ఇంగ్లీషులో "స్టేవ్ చర్చ్" అంటారు, అదీ అంతే, "స్టేవ్" అనగానే పీపా పలక గుర్తొస్తుంది. నిజానికి "స్టావ్" అంటే నిలువు స్తంభం. అంతకుముందు కట్టిన చర్చిల్లో స్తంభాలు భూమిలో పాతితే కుళ్లిపోయేవి. వీటిలో స్తంభాలను రాళ్లమీద అడ్డంగా పరిచిన దూలాల మీద నిలబెట్టారు. ఇన్ని వందల ఏళ్లు నిలిచాయంటే అదో ముఖ్య కారణం. ఇలాంటి మాటలకి మొదటిసారి నార్వే మాట పెట్టి, అదేమిటో ఒక్క వాక్యంలో చెప్పి, ఆపైన ఆ మాటే వాడాలంటాను.

నిట్రాట:
అలాంటివి పేరాకి నాలుగు పడితే చదివేవాడు పారిపోతాడు. టూరిస్టులు చదివే బోర్డుకి "బయటి నడవ" అనే అర్థం వచ్చేలా రాస్తే చాలదూ?

పాతకొయ్య:
బోర్డుకి చాలు. మరమ్మతుల రిపోర్టుకి చాలదు. ఏ కొయ్య విప్పాలో, ఏది ముట్టుకోకూడదో వడ్రంగి అందులోనే చూస్తాడు.

ఫ్యోర్డ్‌గట్టు:
నాది బ్రోచరేలెండి, అదీ లండన్ కొనుగోలుదార్లకి. ఒకే పేరా క్లయింటు ధోరణిలో ఒకటి, నా ధోరణిలో ఒకటి రాసి పంపుతున్నాను, నచ్చింది ఉంచుకుంటారు. జీప్లస్‌టూ గారూ, అంతస్తుల అంకెలు మాత్రం ఎవర్నీ అడక్కుండానే మార్చేశాను.