ఆడపిల్ల: ‘ఆడ’ పిల్లేనా?

పెరంబూరు (చెన్నై) నుంచి: మొన్న నెల్లూరు పొలం పంపకాల మాటొస్తే పెదనాన్న “ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదమ్మా” అని నా నోరు మూయించారు. దీని వెనక ఇంకో పాదం నానమ్మ అనేది, గుర్తు రావడం లేదు. పద్యమా, సామెతా?

మైలాపూరు నుంచి: పద్యమైతే ఆ–ఈలకు యతి చెల్లదమ్మా. అసలు స్త్రీవాచకానికి అరసున్న ఉంది: ఆఁడది, ఆఁడుబిడ్డ. ‘అక్కడ’ అనే ఆడకు లేదు. ముద్రణలో అరసున్న పోయాక పుట్టిన వ్యుత్పత్తి ఇది.

అంబత్తూరు నుంచి: అరసున్న చెవికి ఎప్పుడు వినబడింది మాస్టారూ? సామెత కట్టినవాళ్ళు నిఘంటువు చూసి కట్టారా? నన్ను తొలిచేది వేరు. తమిళంలో ఆణ్ అంటే మగవాడు, మనకు ఆఁడు స్త్రీ ఎలా అయింది?

మైలాపూరు నుంచి: ఆణ్ వైపు పోకండి. ఆలు, ఆఁడు ఒక గూటివే. తమిళంలో భార్యను పెండాట్టి అంటారు, అందులో ‘ఆట్టి’ చూడండి.

పెరంబూరు నుంచి: ఆలు అంటే భార్య. అంటే పుట్టినప్పుడే పెళ్ళి మాట అంటగట్టినట్టేగా మాస్టారూ? ఎన్టీఆర్ హయాంలో 1986 చట్టం కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమంగా వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకు మాత్రం లేదంది. ఇక్కడ తమిళనాడులో 1989లోనూ అదే షరతు. చట్టం కూడా పెదనాన్న సామెతే చదివింది! ఆ షరతు పోవడానికి హిందూ వారసత్వ చట్టానికి 2005 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

ట్రిప్లికేను నుంచి: ముద్దుపళనిని మరిచారు. వంశం చెప్పుకుంటూ నాయనమ్మ తంజనాయకిని తలచుకున్న తంజావూరు ఆస్థాన దేవదాసి కవయిత్రి. ఆమెకు ఆడేది, ఈడేది? బెంగుళూరు నాగరత్నమ్మ ఈ మద్రాసులోనే వావిళ్ళ వారి చేత 1910లో ముద్దుపళని కావ్యం రాధికాసాంత్వనం వేయించింది. శృంగారం మగకవులు రాస్తే ఒప్పు, ఆడది రాస్తే తప్పా అని వీరేశలింగం గారినే నిలదీసింది. ఆ పుస్తకాన్ని అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదంటే వేరే ఆరాధనే జరిపించిన మనిషి!

అంబత్తూరు నుంచి: ఆమె ముద్రణలో ‘ఆఁడు’ అరసున్నతోనే ఉందా? ప్రతి దగ్గరున్నవాళ్ళు ఒక్క పుట ఫొటో పెట్టండి.

మైలాపూరు నుంచి: ఉండి తీరాలి. వావిళ్ళ పరిష్కర్తలు అరసున్న వదిలే రకం కాదు.

ట్రిప్లికేను నుంచి: పందెమా మాస్టారూ? రేపు తీసి చూస్తాను.